మా నాయన మాన్పించిన పిడికెడు

మా నాయన ఏసుదాసు గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని తాండూరు క్రైస్తవ సంఘం పెద్ద బాల్‌రాజ్ మొన్న మా బడికి వచ్చి అడిగాడు. నాయన పోయి ఏడాదైంది. ఆయన అక్కడ సేవ చేసిన పదిహేనేళ్ళను తలుచుకుంటూ చిన్న పుస్తకం వేస్తారట. "దానం గురించి అయ్యగారు మస్తు జెప్పేటోడు. గది రాయి టీచరమ్మా" అన్నాడు. సరే, దానం గురించే రాస్తాను. వేసుకుంటే వేసుకుంటారు, చింపేస్తే చింపేస్తారు.

పోలీసు చర్య జరిగిన మరుసటేడు, తాండూరు కంటే ముందు, నాయనను పూడూరు దగ్గర ఒక చిన్న ఊరికి బోధకుడిగా పంపారు. అప్పుడు నాకు పదేళ్ళు. పైనుంచి వచ్చే జీతం ఉప్పుకూ కిరసనాయిలుకూ చాలేది. మా కడుపు నింపింది వాడలోని ఇరవై ఇళ్ళ ఆడవాళ్ళు. వంటకు గింజలు తీసిన ప్రతిసారీ దేవుని పేరు మీద ఒక పిడికెడు పక్కకు తీసి, పొయ్యి దగ్గర చిన్న కుండలో వేసేవారు. ఆదివారం ఆ కుండలు తెచ్చి ప్రార్థనకు ముందు వెదురుబుట్టలో గుమ్మరించేవారు. జొన్నలు, సజ్జలు, కొర్రలు, నూకలు, అన్నీ ఒకే బుట్టలో. మా అమ్మ ఇంద్రమ్మ ఎంత చెరిగినా విడిపోయేవి కావు. కొర్రలు మెత్తబడినా జొన్నలు పంటి కింద పలుకుతూనే ఉండేవి. సంకటిలా ఉడికించిన ఆ గటక తినలేక నేను ఏడ్చాను, ఒప్పుకుంటున్నాను.

కానీ బుట్ట పక్కన నిలబడి నాయన ఊరి సంగతంతా తెలుసుకునేవాడు. ఎవరి కుండలోంచి గడ్డిగింజలు రాలితే వాళ్ళింట్లో తిండి లేదని లెక్క. ఆ సాయంత్రమే మా ఇంట్లోంచి దోసెడు గింజలు కండువాలో మూటగట్టుకుని వాళ్ళ గుమ్మంలోకి పోయేవాడు. ఆ రోజుల్లో మా నాయన బోధకుడే. ఆ తర్వాత ఏమిటో నేను చెప్పను, మీరే తేల్చుకోండి.

మృగశిర కార్తెలో మల్లయ్య, హన్మమ్మ నాయనను చేనుకు పిలిచేవారు. అది విశ్వేశ్వర్ పటేలు చేను, మూడెకరాలు. మల్లయ్య పన్నెండేళ్ళుగా పంటలో వాటా ఇస్తూ పాలుకు దున్నుతున్నాడు. నాయన విత్తనాల గంపలో చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడు. నేను గట్టు మీద కూచుని హన్మమ్మ పెట్టిన బెల్లం ముక్క చప్పరించేదాన్ని.

మేం వచ్చిన రెండో ఏడు కోతలయ్యాక పటేలు బండి మా ఇంటి ముందు ఆగింది. రెండు బస్తాల తెల్లజొన్నలు దించారు. ఆ ఊళ్ళో మమ్మల్ని ఒరే అనని పెద్దమనిషి లేడు. పటేలు మాత్రం ఆ రోజు నాయనను "అయ్యగారూ" అని పిలిచాడు. నాయన ఆ మాటకే సగం పడిపోయాడు.

"గీ కలగాపులగం గింజలు ఎన్నొద్దులు తింటరు అయ్యగారూ?" అన్నాడు పటేలు. "ఏటేటా జొన్నలు నేను పంపుత. దేవుని పని జేసేటోళ్ళకు ఫికర్ ఉండొద్దు."

ఆ ఆదివారం నాయన బుట్టను అటక మీదికి ఎక్కించాడు. "ఇగ మీరు పిడికెడు తియ్యకుండ్రి. మీ పిల్లలకే పెట్టుకోండ్రి" అని సంఘంతో చెప్పాడు. నిజంగా వాళ్ళ మంచికే అనుకున్నాడు. ఆయన మీద నా కోపమంతా అక్కడే ఉంది. దుర్మార్గుడైతే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆడవాళ్ళంతా సంతోషించారు. హన్మమ్మ ఒక్కతే, "మేం దీసేది మీ ఒక్కరి కోసమే గాదు అయ్యగారూ" అంది. నాయన నవ్వేశాడు. నేను తెల్లటి జొన్నరొట్టె కడుపునిండా తిన్నాను. ఆ తర్వాత ఎవరింట్లో పొయ్యి వెలగలేదో నాయనకు తెలియలేదు. అడగాలని కూడా ఆయనకు తోచలేదు.

1952లో నేను వికారాబాదు బడిలో ఉండి చదువుకుంటున్నాను. భూమి ఎవరు దున్నుతున్నారో వాళ్ళను కౌలుదారుగా రాయించుకోవచ్చని, ఇక వాళ్ళను చేను నుంచి తీసెయ్యడానికి వీల్లేదని అప్పటికే కొత్త చట్టం వచ్చి ఉంది. మల్లయ్య వికారాబాదు కచేరీలో దరఖాస్తు పెట్టాడు. అతను వట్టి కూలివాడని పటేలు అడ్డం తిరిగాడు. చూసినవాళ్ళెవరని అధికారి అడిగితే మల్లయ్య ధైర్యంగా నాయన పేరు చెప్పాడు. ఏటేటా ఆ చేనులో నిలబడి ప్రార్థన చేసిన మనిషి కదా.

పటేలు నాయనను బెదిరించలేదు, బతిమాలలేదు. మా ఇంటి వైపే రాలేదు. రావాల్సిన పని లేదు, ఆయన జొన్నలు మా గుమ్మిలో ఉన్నాయి.

విచారణ రోజు నేను బడి నుంచి కచేరీకి పరుగెత్తి, జనం వెనక నిలబడ్డాను. ఆ చేను ఎవరు దున్నుతున్నారని అధికారి అడిగాడు.

"విత్తనాలకు ప్రార్థన జేసిన సార్" అన్నాడు నాయన. "చేను ఎవరు దున్నుతరో నేనెన్నడు అడగలె."

హన్మమ్మ తలతిప్పి నన్ను చూసింది. నాకు ఆ బెల్లం ముక్క గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నేను చిన్నదాన్నని ఎవరూ నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

చేను పోయింది. నిలిచి ఉన్న పంట కోసుకుని దిగిపొమ్మన్నారు.

ఆ ఏడు కోతలయ్యాక పటేలు బండి రాలేదు. ఎందుకొస్తుంది, ఆయన పని అయిపోయింది. క్రిస్మస్ సెలవులకు నేను ఇంటికి వెళ్ళేసరికి గుమ్మి అడుగు కనబడుతోంది. ఆదివారం నాయన అటక మీది బుట్ట దించి, దుమ్ము దులిపి, ఎప్పటి చోటనే పెట్టాడు. ఏమీ జరగనట్టు పాట ఎత్తుకున్నాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఖాళీ చేతులతో వచ్చి బుట్టను దాటిపోయి కూచున్నారు.

చివరికి హన్మమ్మ లేచింది. మర్నాడు వాళ్ళు బండల గనుల్లో కూలికి తాండూరు పోతున్నారు. ఆమె చంకలో పొయ్యి దగ్గరి కుండ ఉంది. నాయన వద్దన్న తర్వాత కూడా ఆమె పిడికెడు తియ్యడం మానలేదట, పస్తున్న ఇళ్ళకు ఆ కుండలోంచే పెట్టిందట. ఆ కుండను బుట్టలో బోర్లించింది. నిండుగా జొన్నలు, ఒక్క గడ్డిగింజ లేదు.

"గా చేన్ల పండినయే అయ్యగారూ" అంది. "మీరు ప్రార్థన జేసిన విత్తనాలే. గిప్పుడన్న గుర్తువడ్తరేమో జూడుండ్రి."

ఆ మధ్యాహ్నం మా అమ్మ ఆ జొన్నలు విసిరి, గటక వండి నాయన ఒక్కడి కంచంలోనే పెట్టింది. నాకూ పెట్టలేదు, తనూ పెట్టుకోలేదు. ఇద్దరం ఎదురుగా కూచుని చూశాం. నాయన తల ఎత్తకుండా మొత్తం తిన్నాడు. తిన్నాక కంచం అంచును వేలితో తుడిచి నాకి, "మంచిగ ఉడికింది" అన్నాడు.