కొండలేని చోట డౌను

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, ఈ సంగతి నాకే సరిగ్గా అర్థం కాలేదు, మీకైనా అవుతుందేమో చూద్దాం. మొన్న తాటిపాక నుంచి ఆటోలో వస్తుంటే, ఏటిగట్టు దిగేచోట డ్రైవరు "డౌనండీ మామ్మగారూ, గట్టిగా పట్టుకోండి" అన్నాడు. పక్కనున్న మా మనవరాలు ఫోనులో వెతికి, పాతకాలపు ఇంగ్లీషులో డూన్ అంటే కొండనీ, 'కొండ మీంచి' అనే మాటే వాడగా వాడగా అరిగి డౌన్ అయిందనీ చెప్పింది. చదువుకున్న పిల్ల, అబద్ధం చెప్పదు. కానీ మన కోనసీమలో కొండ ఎక్కడుందండీ? మరి ఇన్నాళ్ళూ మనం దేని మీంచి దిగుతున్నట్టు?

ఎంత ఆలోచించినా నాకు గట్టు ఒక్కటే గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు వరదొస్తే ఏటి మధ్య లంకలో ఉండే మేమంతా గేదెలతో సహా గట్టెక్కేవాళ్ళం. ఓ ఏడాది మా తాతయ్య మాత్రం ఇల్లు వదలనని అటకెక్కి కూర్చున్నాడు. ఆయన్ని తీసుకురమ్మంటే, నీరు తీసి వరద తగ్గితే తప్ప పడవ కదపనన్నాడు పడవాయన. నీరు తీస్తోందో లేదో తెలియడానికి ఇంటికో పుల్ల నీటి అంచున గుచ్చడం మా అలవాటు. మా నాయనమ్మ తన పుల్ల దగ్గర నుంచి కదల్లేదు.

"తీసిందండీ, మా పుల్ల బయటపడింది" అని ఒకావిడ.

"మాది ములిగిపోతే మీదెలా తేలిందండీ? మీకు వేరే గోదారొచ్చిందా ఏంటి?" అని ఇంకొకావిడ.

నీరే పెరుగుతోందో, బురదలో పుల్లలే దిగిపోతున్నాయో, గట్టే జారుతోందో ఎవరికీ తెలియలేదు. చివరికి నాయనమ్మ తన పుల్ల పీకి పారేసి, వెళ్ళి పడవలో కూర్చుని, "నువ్వు రాకపోతే నేనే తోసుకుపోతాను బాబూ" అంది. పడవాయన లేచి పడవ తోసే గెడ అందుకున్నాడు. పొద్దువాలేసరికి ముగ్గురూ తిరిగొచ్చారు. తాతయ్య "నీళ్ళు తగ్గకుండా ఎందుకొచ్చేవే, బుద్ధుందా" అని గట్టు పొడుగునా తిడుతూనే ఉన్నాడు గానీ, ఆవిడ చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ రోజు నీరు తీసిందో పెరిగిందో నాకిప్పటికీ తెలియదు. ఇప్పుడైతే వరద ఎంతుందో, ఎప్పుడెక్కాలో, ఎప్పుడు దిగాలో ఫోనే చెబుతోంది. మంచిదే, కాదనను. కానీ ఒక్క మనిషి కోసం ఊరంతా నీటి అంచున చేరి పోట్లాడుకునే ఆ ఆరాటం ఎటు పోయిందో, అసలు పోయిందో, నాకే కనబడటం లేదో, అదీ తేలదు. మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి, తిట్టుకుంటూనైనా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే ఉండాలి.