పుంటికూర కోసం రాస్ అల్ ఖైమా దాకా

పుంటికూర పప్పు తిందామని ఒక ఆదివారం ఉదయం ఐదున్నరకు ముసఫ్ఫాలో నేనుండే క్యాంపు నుంచి బయలుదేరాను. మా అక్క మొగుడు గంగారాం బావ రాస్ అల్ ఖైమాలో క్వారీ పని చేస్తాడు. అక్క ఊరి నుంచి పంపిన పిడికెడు గింజల్ని క్యాంపు వెనక, ఏసీల నీళ్ళు కారే చోట చల్లాడు. "ఎర్రకాడ పుంటికూర, మీ అక్క ఇత్తులే. వచ్చి తిని పో" అని నెల నుంచీ ఫోన్లో ఊరిస్తున్నాడు.

దుబాయ్‌లో బస్సు మారాను. దిర్హాముకు కరక్ చాయ్ దొరికింది, కిటికీ సీటు దొరకలేదు. పది దాటాక క్యాంపు చేరితే బావ స్నానాల లైన్లో ఉన్నాడు. ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదు. వెనక్కి పోయి, మా ఊళ్ళో కట్టలు కట్టేవాళ్ళలాగే మొక్కల్ని వేళ్ళతో సహా పీకాను. మూలన నడుమెత్తు పెరిగి పూత పట్టినదాన్ని కూడా వదల్లేదు.

బావ తువ్వాలతోనే వచ్చి నిలబడ్డాడు.

"గా పెద్దది ఎందుకు పీకినవ్?"

"ముదిరిందని పీకిన బావా."

"ఇత్తనానికి ఇడిసిన. అక్క పంపిన గింజలన్నీ సల్లిన, ఇగ గదొక్కటే. మీ అక్కకు నువ్వే చెప్పు."

అక్క పేరు వినగానే నా ఆకలి చచ్చింది. బావ తిట్టలేదు, అదే ఇంకా భయం. చెట్టును రెండు చేసి, వేరున్న మొదలును మళ్ళీ నాటాడు. పైకొమ్మను తడిగుడ్డలో చుట్టాడు. "ఆకుంటే వాడుతది" అని రెండింటి ఆకులూ దూశాడు. ఆ ఆకునే పచ్చిమిర్చి, కందిపప్పుతో ఉడికించి, పప్పుగుత్తి లేక స్టీలు గ్లాసుతో మెదిపి, ఎల్లిపాయ పోపు పెట్టాడు. తప్పు చేసినవాడికి రుచి తెలియకూడదు గానీ, నేను మూడుసార్లు వడ్డించుకున్నాను.

మూడు గంటలకు బస్సెక్కించి, కొమ్మ నా చేతిలో పెట్టాడు. "పానం లెక్క సూసుకో. ఈడిది సచ్చినా నీది బతకాలె."

ఈసారి కిటికీ సీటు దొరికింది. కొమ్మకు ఎండ తగులుతుందని నేనే వదులుకున్నాను. పక్కన కూర్చున్నావిడది గోదావరి జిల్లా, ఇళ్ళలో పని చేస్తుందట.

"ఆ పుల్లేంటండీ, అంత జాగర్తగా పట్టుకున్నారు?"

సంగతంతా చెప్పాను.

"మా గోంగూరేనండి. గుడ్డ ఆరిపోతందండి" అంటూ తన సీసాలో మిగిలిన నీళ్ళు దాని మీద పోసింది.

రాస్ అల్ ఖైమాలో కొండలూ సముద్రమూ చూడదగ్గవంటారు. నేను చూసింది మూరెడు మడి మాత్రమే. మీరు పోతే, అక్కడ దేన్నైనా పీకే ముందు అడగండి.

ఏడున్నరకు ముసఫ్ఫాలో దిగుతుంటే ఫోన్ మోగింది. నేను చేరానా అని బావ అడగలేదు.

"ఈడ మొదలు ఇంక పచ్చగనే ఉన్నది. నీదో?"

గోటితో తొక్క గీరి చూశాను. "నాది గూడ పచ్చగనే ఉన్నది బావా."

బావ గొంతు తగ్గించాడు. "అక్కకు ఇప్పుడేం చెప్పకు. కాయ పట్టినంక ఇద్దరం కలిసి చెప్దాం."