ఊరమ్మకు మొక్కిన తెల్లకోడి

పెనుకొండ బ్లాకాఫీసు వాళ్లు తెల్లకోళ్లు ఇస్తున్నారని తెలిసి, వానల్లేక వేరుశనగ ఎండి విసిగిపోయిన మా నాయన ముందూ వెనకా చూడకుండా గంపెడు పిల్లలు తెచ్చేశాడు. హిందూపురంలో మాంసం వండిపెట్టే మిలిటరీ హోటలు నడిపే ఒకాయన, కోసి శుభ్రం చేసి పంపితే ఆదివారం ఆదివారం తీసుకుంటానన్నాడు. కోడంటే చుట్టమొస్తే కోసుకునేదే గానీ, కోసి అమ్ముకునే రైతును మా ఊరు ఎన్నడూ చూడలేదు. నవ్వారు. చాకిరీ మాత్రం అమ్మది. పెంట ఎత్తాలి, ఈకలు పెరకాలి, పేగులు తీయాలి. ఆ వాసన తలకు పోసుకున్నా పోదని విసుక్కునేది.

కొన్ని వారాలు బాగానే సాగింది. అంతలో కోళ్లకు తెగులు తగిలింది. నాయన తల్లి, మా అవ్వ, ఒక కోడి తలకు పసుపు పూసి ఊరమ్మకు మొక్కుకుంది. తెగులు తగ్గింది. ఆ వెంటనే, అన్నాళ్లూ మొహం చాటేసిన వాన కురిసి పసుపంతా కడిగేసింది.

నాటుకోళ్లయితే నల్లదో, ఎర్రదో, పొడలదో, గుర్తుండేది. ఇవన్నీ ఒకటే తెలుపు. మొక్కిన కోడిని అమ్ముకుంటే ఇల్లు నిలవదంటారు. అది ఏదో తెలియక ఒక్కదాన్నీ కోయలేకపోయాం. ఈ వారం కూడా పంపకపోతే వేరే మనిషిని చూసుకుంటానని హోటలాయన కబురంపాడు. జొన్నలు మాకే చాలవు, అవేమో తిని కూర్చునేవి.

"ఏమప్పా, కోళ్లు అమ్ముతాండావా, అల్లుండ్ల మాదిరి మేపుతాండావా?" అని దారిన పోయేవాళ్లు పలకరించేవాళ్లు. నాయన తల వంచుకుని లోపలికి పోయేవాడు. అన్నం కూడా సగంలోనే వదిలేసి లేచేవాడు.

ఒక పొద్దున అమ్మ చేతికందిన కోడిని పట్టుకొచ్చి అవ్వ ముందు దించింది.

"ఇదేనా అత్తా?"

శుక్లాలు కమ్మిన కండ్లతో అవ్వ దాన్ని తడిమింది. మా ఇంట్లో దేవుడి విషయంలో అబద్ధమంటే అందరికన్నా భయపడేది ఆమే. నాయన వైపు తిరిగింది.

"ఇదే నాయనా. నాకు తెలీదా ఏమి? కడమవి కోసుకోపో."

ఎట్లా గుర్తుపట్టావని ఎవరమూ అడగలేదు. అమ్మ నీళ్లు కాగబెట్టింది. నాయన కత్తి నూరుకున్నాడు.

కొన్నేళ్లకు అవ్వ కాళ్లు పడిపోయాయి. ధర్మవరం ఆసుపత్రికి తీసుకుపోదామని, బస్సు దాకా నాయన బండి కట్టాడు. అవ్వ ఎక్కనంది.

"వద్దులే నాయనా. కోడి విషయంలో ఊరమ్మకు అబద్ధం చెప్పింది నేను. ఆయమ్మ కోపం నీ మీదికి రాకుండా నా కాళ్లకే వచ్చింది. ఇంతటితో పోనీ."

నాయన ఎద్దులను విప్పి, గడ్డి వేసి, ఆ రోజంతా కొట్టంలోనే కూర్చున్నాడు.