పెరిగే పిల్లకు పట్టీ

గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే రక్తనాళం చుట్టూ కట్టే పట్టీని తయారుచేయడం నా పని. గుండెలో పెద్ద రంధ్రంతో పుట్టిన పసిపిల్లలకు ఊపిరితిత్తుల్లోకి రక్తం మరీ ఎక్కువగా పోతుంది. పట్టీ కడితే తగ్గుతుంది. మామూలు పట్టీ ఒకసారి కడితే అంతే. పిల్ల పెరుగుతుంది, పట్టీ పెరగదు. మాది మాత్రం ఒంట్లో ఉండగానే బయటి నుంచి బిగించవచ్చు, వదులు చేయవచ్చు. ఇది పనిచేసి తీరుతుందని మొదటి నుంచీ నా నమ్మకం. దాన్ని పొగరు అన్నవాళ్లూ ఉన్నారు, అననీ.

మా పట్టీని ఇంకా గొర్రెపిల్లలకే కట్టి పరీక్షిస్తున్నప్పుడు, కోరుట్లలో మా తమ్ముడికి అలాంటి రంధ్రంతోనే కూతురు పుట్టింది. మామూలు పట్టీయే కట్టారు. కొన్ని నెలల తర్వాత చూడ్డానికి వెళ్లాను. పిల్ల చేతులు పుల్లల్లా ఉన్నాయి. మా అమ్మ పాలసీసా సగంలోనే లాగేసి పక్కన పెట్టింది. పిల్ల సీసా వైపే చూస్తూ ఏడుస్తోంది.

"ఏందవ్వా, మొత్తం తాగనియ్యవా?" అని అమ్మను అడిగాను.

"మెల్లగ మాట్లాడు. పిల్ల పెరిగితే పట్టీ బిగుసుకుంటదని డాక్టరే చెప్పిండు. గందుకే జర తక్కువ పోస్తున్న."

సిరిసిల్లలో బట్టలు నేసే సాంచాల మోతను మించి కేకలేస్తూ బతికిన మనిషి, నన్ను మెల్లగా మాట్లాడమంటోంది! నాకు ఒళ్లు మండింది.

"బరువు పెరిగితేనే రెండో ఆపరేషన్ చేస్తరు. అప్పుడు పట్టీ తీసేసి రంధ్రం మూస్తరు. గిట్ల ఆకలితోని ఉంచితే పిల్లే దక్కదవ్వా!"

అమ్మ ముఖం పాలిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సీసా నేనే అందుకుని పిల్ల నోటికిచ్చాను. అది గటగటా తాగుతుంటే నాకూ ఏడుపొచ్చింది.

ఆ తర్వాత జగిత్యాల డాక్టరు బరువు చూసిన ప్రతిసారీ, పిల్ల ఎంత పెరిగిందో అమ్మ వాడకట్టంతా చెప్పుకునేది. రెండో ఆపరేషన్ బాగానే అయింది. ఇప్పుడా పిల్ల నా జుట్టు పట్టుకుంటే వదలదు.

మొన్న అమ్మను మా ల్యాబుకు తీసుకెళ్లాను. పట్టీ కట్టిననాడు నా ఒళ్లో ఇమిడిన గొర్రెపిల్ల, ఇప్పుడు పొట్టేలై దొడ్డి తలుపును కుమ్ముతోంది. రిమోటుతో దాని పట్టీని మరికాస్త వదులు చేసి, రక్తం ఎలా పోతోందో తెరమీద గర్వంగా చూపించాను. అమ్మ తెర వైపు చూడనే లేదు.

"గిది కడితే, పిల్లకు కడుపునిండ పాలు పొయ్యచ్చునా బిడ్డా?"

"పొయ్యచ్చవ్వా. ఎంత తాగితే గంత."

అమ్మ వంగి, పక్కనున్న బకెట్టు ఎత్తి, దాణా మొత్తం పొట్టేలు ముందు కుమ్మరించింది.