ఆ క్లిప్ బిగించినది నేను

మా పక్కింటి బాబాయిగారు ఆగస్టు చివరి మంగళవారం ఉదయం పోయారు. పెరట్లో దొండపాదుకు నీళ్ళు పెడుతూ, గొట్టం చేతిలో ఉండగానే గడ్డి మీద కూర్చుండిపోయారట. పిన్నిగారు ఫోన్ చేసి, "అబ్బాయ్, ఒకసారి రా. మీ బాబాయి లేవడం లేదు" అన్నారు. నేను వెళ్ళేసరికి నీళ్ళు ఇంకా పారుతూనే ఉన్నాయి. ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. అమెరికాలోని ట్రాయ్‌లో పందొమ్మిదేళ్ళు ఒకే కంచెకు అటూ ఇటూ కాపురం ఉన్నాం.

ఇటువంటి వ్యాసాలలో పోయినవారి మంచితనం చెప్పి, అందరినీ క్షమించి ముగించడం మర్యాద. నాకు ఆ ఉద్దేశం లేదు. ఆయనకు జరిగిన అవమానానికి బదులు తీర్చడానికే రాస్తున్నాను. ఈ పత్రిక చదివేవారిలో ఆయనను చూసి నవ్వినవారున్నారు. వారి సంగతికి వస్తాను. ముందు నా సంగతి చెప్పాలి.

నేను పగలు పనిముట్ల కర్మాగారంలో పనిచేస్తూ, సాయంత్రపు తరగతులలో ఏడేళ్ళు చదివి పట్టా పుచ్చుకున్నవాడిని. ఈ ఊరి తెలుగువారు పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల పేర్లున్న చొక్కాలు వేసుకుంటారు. నేను మా చిన్న కాలేజీ చొక్కాయే వేసుకుంటాను. ఆ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు నాకు ఆటవిడుపు కాదు. అది శనివారం గెలిస్తే, సోమవారం నేను పనిలోకి నడిచే నడక వేరుగా ఉండేది.

ఆ పట్టా వెనుక బాబాయిగారున్నారు. ఆయన కార్ల కంపెనీలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజనీరు. ప్రతి ఆదివారం ఉదయం తమ భోజనాల బల్ల దగ్గర నాకు లెక్కలు చెప్పేవారు. ఒకనాడు నేను జవాబును "సుమారు" అంటూ మొదలుపెట్టాను. "ఆ మాట చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలి రావోయ్" అన్నారు. పట్టా వచ్చిన రోజు, దానికి పటం కట్టించి మా గోడకు తగిలించడానికి రసమట్టం పట్టుకుని వచ్చారు. మేకు రెండుసార్లు పీకి మళ్ళీ కొట్టారు. "ఇది వంకరగా ఉంటే ఏడేళ్ళూ వంకరగా చదివావనుకుంటారు" అన్నారు. నా భార్య నవ్వింది. ఆయన నవ్వలేదు.

నా వెంట ఆటలకు రావడం మొదలుపెట్టిన రెండేళ్ళకు ఆయన గొలుసు బృందంలో చేరారు, తరువాత నన్నూ చేర్చారు. ఆట తెలియనివారికి రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి. పోలేకపోతే బంతి ఎదుటివారిదవుతుంది. ఆ పది గజాలకు కొలత ఒక గొలుసు. దాని రెండు కొసలకు రెండు కర్రలు. వాటిని పట్టుకుని మైదానం అంచున నిలబడేవారే గొలుసు బృందం. అందరమూ ఊరివాళ్ళమే, జీతం లేదు. కానీ చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, ఏ పక్షమూ వహించకూడదు. ముందు కర్ర బాబాయిగారిది. వెనుక కర్ర, క్లిప్ నావి. మైదానంలో అయిదు గజాలకొక తెల్లగీత ఉంటుంది. గొలుసు ఏ గీతను దాటుతుందో అక్కడ దానికి ఒక క్లిప్ బిగిస్తాం. కొలవవలసి వచ్చినప్పుడు గొలుసును లోపలికి మోసుకుపోయి, క్లిప్‌ను అదే గీత మీద ఆన్చి సాగదీస్తాం. కోలగా ఉండే బంతి ముక్కు ముందు కర్రను చేరితే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి.

గత నవంబరులో ఆఖరి ఆట పొరుగు కౌంటీ కాలేజీతో. ఆరేళ్ళుగా వాళ్ళ చేతిలో ఓడిపోతున్నాం. వాళ్ళ బస్సు రంగు కనబడితేనే నాకు దవడ బిగుసుకునేది. ఆట ముగియడానికి నిమిషమున్నర ఉంది, మేము నాలుగు పాయింట్లు వెనుకబడి ఉన్నాం, బంతి మాది. రెండవ ప్రయత్నంలో మా ఆటగాడు నా కళ్ళ ముందు నుంచే ఏడు గజాలు దూసుకుపోయాడు. నేను ఎగిరి గంతేశాను. కాలు గొలుసుకు తగిలి క్లిప్ ఊడింది. గొలుసు నా వైపు వదులుగా పడి ఉండగానే, ఎవరూ చూడలేదనుకుని, కంటి అంచనాతో మళ్ళీ బిగించాను. దానితో క్లిప్ ముందు కర్రకు కాస్త దగ్గరయింది.

మూడవ ప్రయత్నం వృథా అయింది. నాలుగవదానిలో అందరూ ఒకరి మీద ఒకరు కుప్పగా పడ్డారు. రెఫరీ కొలత అడిగాడు. గొలుసు లోపలికి తీసుకువెళ్ళి సాగదీశాం. బంతి కర్రను దాటి ఉంది. స్టేడియం దద్దరిల్లింది. అప్పుడు బాబాయిగారు వంగి, చోటు తప్పిన క్లిప్‌ను చూసి, నా ముఖం చూసి, రెఫరీ వైపు తిరిగారు.

"సర్, ద క్లిప్ ఈజ్ నాట్ రైట్. మై మిస్టేక్."

కొలతకు వెళ్ళే ముందు రెండు కర్రలూ నిలిచిన చోట గడ్డి మీద గుర్తులు పెట్టడం ఆయన అలవాటు. ఆ గుర్తులకే గొలుసును మళ్ళీ పట్టి, క్లిప్ సరిగా బిగించి కొలిచాం. బంతి నాలుగు వేళ్ళు వెనుకబడింది. బంతి వాళ్ళకు పోయింది. ఆటా పోయింది.

జీవితమంతా దశాంశాన్ని కూడా వదలని మనిషి, నా కోసం ఒక్క అబద్ధం ఆడారు. నేను దానిని తీసుకుని ఊరుకున్నాను.

రెండవ వరుసలో పూర్వవిద్యార్థుల సంఘం పెద్దలు కూర్చుంటారు. నీలం జాకెట్ వేసుకున్న ఒకడు "హూజ్ సైడ్ ఆర్ యూ ఆన్?" అని అరిచాడు. ఇంకొకడు సోడా ఉన్న కప్పు విసిరాడు. అది ఆయన భుజానికి తగిలి చొక్కా తడిసింది. "గో హోమ్!" అన్నారెవరో. కారులో ఆయన సీటు బెల్టు పెట్టుకుంటూ, "ఇంటికేగా వెళ్తున్నాం. వాడు చెప్పాలా?" అన్నారు.

నేను నవ్వలేదు. ఆ వారమంతా నాకు అందరి మీదా కోపమే. వాళ్ళ జట్టు మీద, రెఫరీ మీద, అన్నిటికంటే ఎక్కువగా బాబాయిగారి మీద. నాలుగు వేళ్ళు టీపాయ్ మీద పెట్టి చూసుకునేవాడిని, కారు స్టీరింగ్ మీద పెట్టి చూసుకునేవాడిని. ఇంతేగా, ఇంతేగా అనుకునేవాడిని. మూడు రోజులు కంచె దగ్గరకు పోలేదు. నాలుగవ రోజు ఆయనే వచ్చారు.

"కోపం ఓడిపోయినందుకా, దొరికిపోయినందుకా?"

"మీరు మాట్లాడకుండా ఉంటే గెలిచేవాళ్ళం, బాబాయిగారూ."

"గెలిచేవాళ్ళం. తరువాత ఆ ఆట గురించి నాతో ఎలా మాట్లాడేవాడివోయ్? వాళ్ళ మీద పగ ఉంటే ఉండనీ, నాకూ ఉంది. అది మన కుర్రాళ్ళు బంతితో తీర్చుకోవాలి. గొలుసుతో మనం కాదు."

"మరి తప్పు మీదని ఎందుకన్నారు?"

"నువ్వా కాలేజీలో చదివావు. నేను చదవలేదు."

ఇక మనవారి సంగతి. ఆ నెలలోనే ఒక పుట్టినరోజు విందులో ఒక సాఫ్ట్‌వేర్ మిత్రుడు అందరూ వినేలా, "అంకుల్, ఇంత హానెస్టీ ఎవరు అడిగారండీ మిమ్మల్ని? పాపం, మీ జట్టే కదా!" అన్నాడు. ఇంకొకాయన, "వదిలేయండి సార్, ఏజ్ ఫ్యాక్టర్. క్లిప్ కనబడి ఉండదు" అన్నాడు. బల్ల చుట్టూ నవ్వులు. బాబాయిగారు పెరుగన్నంలో మాగాయ కలుపుకుంటూ, "కనబడింది కాబట్టే కదండీ గొడవ" అన్నారు. ఆ పక్కనే ప్లేటు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. క్లిప్ నాది అని చెప్పడానికి రెండు మాటలు చాలు. చెప్పలేదు.

వేసవిలో కాలేజీ నుంచి ఆయనకు ఉత్తరం వచ్చింది. సేవలకు కృతజ్ఞతలు, ఈ సీజన్ నుంచి కొత్తవారికి అవకాశం ఇస్తున్నాం అని. ఆయన చదివి, "రెండు పేరాల్లో మూడు థాంక్సులు. భయపడ్డారు పాపం" అన్నారు. అదే వారంలో నాకూ ఉత్తరం వచ్చింది. ముందు కర్ర నన్ను పట్టుకోమన్నారు. గౌరవమనుకుని ఒప్పుకున్నాను. ఆ మాట చెప్పడానికి కంచె దగ్గరకు వెళితే, ఆయన నా చెయ్యి నొక్కి, "నిటారుగా పట్టుకో" అన్నారు. అటువంటి మనిషికి నేను చేసిన పని ఇది.

అంత్యక్రియలనాడు ఆ నీలం జాకెట్ మనిషి పూలగుత్తితో వచ్చాడు. ఆయనే పూర్వవిద్యార్థుల సంఘం అధ్యక్షుడట. గుమ్మం దగ్గరే ఆపి, క్లిప్ నేను బిగించానని చెప్పాను. ఆయన నా భుజం తట్టి, "హే, ఇట్స్ జస్ట్ ఎ గేమ్" అన్నాడు. తొమ్మిది నెలలలో నేను దాచుకున్న కోపమంతా అక్కడ పనికివచ్చింది. ఆటే అయితే ఆ రోజు మీవాళ్ళు కప్పు ఎందుకు విసిరారని అడిగాను. పువ్వులను లోపలికి రానివ్వలేదు. పిన్నిగారు చూశారు, వద్దనలేదు.

తరువాతి శనివారం సీజన్‌లో తొలి ఆట. నేను ఒక కాగితం మీద మూడు వాక్యాలు టైపు చేసి మైకు గదికి పంపాను. గత నవంబరులో క్లిప్ తప్పుగా బిగించినది నేనని, నా పేరుతో. దానిని సరిదిద్దినది ఆయన అని, ఆయన పేరుతో. ఆ తప్పును ఆయన తన మీద వేసుకున్నారని. అది చదివితే తప్ప కర్ర ఎత్తనన్నాను. ఎన్నవ ప్రయత్నమో చూపించే పలక పట్టుకునే రిటైర్డ్ బస్సు డ్రైవరు, విషయం విని, తన పలకను కూడా గడ్డి మీద పడుకోబెట్టాడు. గొలుసు లేకుండా ఆట మొదలుకాదు.

రెఫరీ వచ్చి, "వాట్ ఆర్ వీ వెయిటింగ్ ఫర్?" అన్నాడు.

"ఎ నేమ్, సర్" అన్నాను.

సంఘం వారు మైకు గదికి పరుగెత్తారు. నిమిషాలు గడిచాయి. జనం ఈలలు వేశారు. చివరకు మైకులో నా కాగితం చదివారు. నా పేరు వచ్చినప్పుడు కొందరు అరిచారు. అరవనిచ్చాను. బాబాయిగారి పేరును మాత్రం ఆ చదివేవాడు ముక్కలు చేసి, సగం మింగేశాడు.

"నౌ?" అన్నాడు రెఫరీ.

"దట్స్ నాట్ హిజ్ నేమ్, సర్. రీడ్ ఇట్ ఎగైన్."

ఆయన నన్ను ఒక క్షణం చూసి, మైకు గది వైపు చెయ్యి ఊపాడు. మైదానం నడుమ మా ఆటగాడు తొలి తన్ను కోసం నిలబెట్టిన బంతి గాలికి పడిపోయింది. అతను వంగి దానిని నిలబెట్టి, నాలుగు అడుగులు వెనక్కి వేసి, నడుము మీద చేతులు పెట్టుకుని ఆగాడు. పైనుంచి ఒక గొంతు, ఒక్కొక్క అక్షరాన్నీ కూడబలుక్కుంటూ, బాబాయిగారి ఇంటిపేరు దగ్గర నుంచి మొదలుపెట్టింది.