సాయమ్మ అక్క దాచిన సంగతి

దూదికి స్పిరిట్ అద్దగానే ముక్కుకు తగిలే ఆ చల్లని ఘాటుకు, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు సాయమ్మ అక్కే గుర్తొస్తుంది. కోటగిరి నుంచి వచ్చి, నిజామాబాద్‌లోని మా చిన్న ఆసుపత్రిలో హెడ్ నర్సుగా స్థిరపడిన మనిషి. కొత్త నర్సుగా చేరిన నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. షుగరు మందులు మానేసిన వాళ్లు ఆమెకు ఎదురుపడాలంటే వణికేవారు. "కాలు తీసేసినంక ఏడుస్తవా?" అని అందరి ముందే గద్దించేది. ఆమెను చూసి నేనూ గద్దించడం నేర్చుకున్నాను.

ఒక ఏడాది ఆమెకే కాలేయంలో గడ్డ బయటపడింది. క్యాన్సర్. కోసి తీసేయవచ్చని హైదరాబాద్ డాక్టరు అన్నాడు గానీ, ఆమెకూ ఉన్న షుగరు ఎంతో రిపోర్టులో చూసి ఫైలు పక్కన పెట్టాడు.

"ఇంత షుగరుతో కోస్తే కుట్లు మానవు, చీము పడుతుంది. మిగిలిన కాలేయం కోలుకోవడమూ కష్టమే. మూడు వారాలు ఇన్సులిన్ వాడి రండి."

"ఈలోపు గడ్డ పెరిగితే?" అని తోడు వెళ్లిన నేను అడిగాను.

"ఆ భయమూ ఉంది. అందుకే ఒక్క పూట కూడా తప్పొద్దు."

వారం గడిచింది. షుగరు దిగలేదు. ఆమె గదికి వెళ్లి చూస్తే ఇన్సులిన్ సీసా నిండుగానే ఉంది. నాకు ఒళ్లు మండింది. అరవబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాను. పక్కన కింద కూర్చున్నాను. ఆమే నోరు విప్పింది.

"రెండేండ్ల సంది గోలీలు గూడ సక్కగ ఏస్కుంటలేనే. ఏస్కుంటే షుగరు దిగిపోయి డ్యూటీల రెండుసార్లు కండ్లు తిరిగి పడ్డ. సూదేస్కుంటే ఇంకింత దిగుతదేమోనని భయమైతున్నది. అందరికి నేనే చెప్త గద, నేను ఎవ్వరికి చెప్పుకోవాల్నే?"

వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన మోతాదు మార్చాడు. అప్పటి నుంచి రెండు పూటలా ఆమెకు తినిపించి, పరీక్ష చేసి, నేనే సూది వేశాను.

షుగరు దిగాక హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. మూడో రోజు జ్వరం వచ్చింది. కుట్ల దగ్గర చెమ్మ. కళ్లు పచ్చబడ్డాయి. షుగరు మళ్లీ ఎగబాకింది. అక్కడి నర్సులు గంట గంటకూ వేలు గుచ్చి చూసేవారు. "ఎంతున్నది? దాయకు," అని పొడిబారిన పెదవులతో అడిగేది. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఆమె నా చెయ్యి వదల్లేదు. ఆరో రోజు జ్వరం దిగింది. కళ్లు తెల్లబడటానికి మరో రెండు వారాలు పట్టింది.

తర్వాత నాలుగేళ్లు మా మధ్యే పనిచేసింది. ఎవరినీ గద్దించలేదు. ఆ క్యాన్సరే తిరగబెట్టి, కోటగిరిలో తమ్ముడి ఇంట్లో కన్నుమూసింది.

ఇప్పుడు ఆమె కుర్చీలో హెడ్ నర్సుగా నేనున్నాను. మొన్న కమ్మర్‌పల్లి నుంచి వచ్చిన పసుపు రైతు ఒకాయన రోజూ గోలీ వేసుకుంటున్నానన్నాడు. రిపోర్టు మాత్రం వేరే చెబుతోంది. కుర్చీ ఆయన పక్కకు జరుపుకొని మెల్లగా అడిగాను: "గోలీ ఏస్కుంటే ఏమైతున్నది బాపూ?"

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, చెప్పడం మొదలుపెట్టాడు. నేను పెన్ను పక్కన పెట్టి విన్నాను.