చేపల చేతులు

తొంభైల చివర్లో విశాఖలోని ఒక ఆసుపత్రి ఐసీయూలో, వైద్యం జరుగుతుండగానే రోగులకు సోకే ఇన్ఫెక్షన్ల మీద పరిశోధన చేసేదాన్ని. ఒకరోజు భీమిలి నుంచి విశాఖ వచ్చే బస్సులో నా పక్కన చేపల బుట్టతో ఒక పెద్దావిడ కూర్చుంది. నా సంచి మీద ఆసుపత్రి పేరు చూపించి, అదేనా అని అడిగింది. అవునన్నాను.

"మా ఆయన అక్కడే పోయాడమ్మా. పడవ తగిలి పక్కటెముకలిరిగితే సేర్సినాం. ఊపిరి మిషనెట్టినారు. తేరుకుంతన్నాడనగా జొరం పట్టుకుంది. నాను సేపల సేతుల్తో ముట్టుకోబట్టే ఇసం ఎక్కిందని ఆసుపత్రోలన్నారు. ఆకరి రోజు నాకేసి సెయ్యి సాపాడు. నాను పట్టుకోలేదమ్మా."

ఎప్పుడని అడిగాను. ఆమె చెప్పిన నెల నాకు బాగా గుర్తుంది.

"నీ చేతుల వల్ల కాదు పెద్దమ్మా. ఆ క్రిమి మా ఊపిరి మిషను గొట్టాల్లోనే ఉంది. మా పైవాళ్లు బయట చెప్పొద్దన్నారు."

"నీకెప్పుడు తెలిసింది?"

"అప్పుడే. ఆయన ఉండగానే."

ఆమె బుట్ట తీసుకుని లేచి, ముందుకెళ్లి కమ్మీ పట్టుకుని నిలబడింది. కండక్టరు రెండుసార్లు కూర్చోమన్నాడు. విశాఖ వచ్చేదాకా ఆమె నిలబడే ఉంది.